సర్వరుకి నూట పదహార్లు

కంప్యూటరుకి నూట పదహార్లు చదివించిన తెలివితక్కువవాణ్ణి ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నేనొక్కణ్ణే. పెళ్ళిలో చదివిస్తే మైకులో పేరు పిలుస్తారు, చేతిలో తాంబూలం పెడతారు. కంప్యూటరుకి చదివిస్తే అదేం పెడుతుందో ఒక సోమవారం పొద్దున్న రైల్లో, పదిమంది మధ్య తెలుసుకున్నాను. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. ఉన్న సిగ్గంతా ఆ రోజే ఖర్చయిపోయింది.

మా తాత విజయనగరం వైపు నుంచి చింతపండు కోసం కొండెక్కి, దిగడం మర్చిపోయాడు. అలా మేం రాయగడ వాళ్ళమయ్యాం. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, బ్యాంకులో హిందీ. కోపం వస్తే మూడూ. నాన్న నాటికి కొట్టు చింతపండు, పసుపు, వలిసెల టోకు వ్యాపారంగా కుదురుకుంది. నేను కంప్యూటరు నేర్చుకుని మేడెక్కాను. కింద కాటా, పైన నేను. నా గురించి ఎవరైనా అడిగితే నాన్న కాటా మీంచి తల ఎత్తకుండా, "సిన్నోడా? పైనున్నాడు. ఏదో సేస్తన్నాడు" అనేవాడు. ఆ "ఏదో"లో నా చదువంతా సర్దుకునేది.

రెండువేల తర్వాతి దశకం చివరికొచ్చేసరికి మా వైపు కూడా కొట్టుకో కంప్యూటరు వచ్చింది. గల్లాపెట్టె పక్కన దాన్ని పెట్టుకుని, దానికీ అగరొత్తి తిప్పేవారు. అప్పుడు మా వర్తకుల సంఘానికి ఒక వెబ్‌సైటు ఉంటే బాగుండునన్న సరదా పుట్టింది. కోరాపుట్, జయపురం, కుందుర, గునుపురంలో ఆ రోజు సరుకుల ధరలు పొద్దున్నే అందులో పెడితే, పార్వతీపురం నుంచి కకిరిగుమ్మ దాకా ఎవరి కొట్లో వాళ్ళు కూర్చుని చూసుకోవచ్చు. ఆ పని నాకిచ్చారు. ఇచ్చింది మా బావ.

బావ అంటే మా అక్క మొగుడు. కోరాపుట్‌లో అల్లం టోకు వర్తకుడు, సంఘానికి కార్యదర్శి, స్వభావానికి పెళ్ళికొడుకు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా మా ఇంటికి వస్తే ఇంకా పీటల మీద ఉన్నట్టే కూర్చునేవాడు. ఆ పెళ్ళినాడు బావ, బావ స్నేహితులు కూర్చున్న బంతికి వడ్డన నాకప్పజెప్పారు. నాకొక్కడికే. "బామ్మర్దీ, బూరె! బామ్మర్దీ, నెయ్యి!" అంటూ నాచేత గంగాళం చుట్టూ ప్రదక్షిణాలు చేయించి, నేను తినే వేళకి చారు మిగిల్చారు. ఆకలి మర్చిపోయాను గానీ చారు మర్చిపోలేదు.

సైటు తయారవుతుండగానే బావ ఫోను చేశాడు.

"ఒరే బామ్మర్దీ, సైట్లో అన్నిటికన్నా పైన నా అల్లం కొట్టు పేజీ ఎట్టు. ఫొటోలు పంపుతున్నాను, అన్నీ ఎయ్యి."

"సంఘం సైటు కదా బావా, అందులో నీ కొట్టేటి?"

"వడ్డించీవోడు మనోడైతే ఆఖరి బంతిలో కూకున్నా పర్లేదంటారు. నువ్వు నా బామ్మర్దివి. నాను ఆఖరి బంతిలోనెందుకు కూకుంటాను, మొదటి బంతే."

ఫొటోలు వచ్చాయి. అల్లం బస్తాలు. బస్తాల పక్కన బావ. లారీ. లారీ మెట్టు మీద బావ. గోదాము లోపలినుంచి బావ, బయటినుంచి బావ. ఒక్కొక్కటీ గోదామంత ఉంది. ఎవరైనా ఆ పేజీ తెరిచినప్పుడల్లా సర్వరే వాటిని అప్పటికప్పుడు కుదించి పంపేలా రాశాను. ఒకసారి కుదించి దాచుకుంటే సరిపోయేది. ఆ మాట నాకు చాలా కాలానికి తట్టింది. నా తెలివి కూడా మా ఇంటర్నెట్ లైనులాగే, వచ్చేది గానీ నెమ్మదిగా వచ్చేది.

సైటు పీహెచ్‌పీలో రాశాను. సర్వరులో కూర్చుని, ఎవరొచ్చి అడిగితే వాళ్ళకి అప్పటికప్పుడు పేజీ వండిపెట్టే భాష అది. వంట బాగానే చేస్తుంది. చిక్కంతా వంటవాళ్ళని నడపడంలో ఉంది. నేను మొదట పెట్టిన పాతకాలపు పద్ధతిలో, వచ్చిన అతిథి ఒక్కొక్కడికీ ఒక్కొక్క వంటవాడు కొత్తగా పుట్టేవాడు. పుట్టి, పొయ్యి వెలిగించి, వండి, వడ్డించి, అతిథి తేన్చేదాకా పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, ఆ తర్వాత పొయ్యి ఆర్పేసి ప్రాణాలు విడిచేవాడు. మా లైన్ల మీద ఒక పేజీ మింగడానికి అతిథికి చాలా సేపు పట్టేది. అంతసేపూ వంటవాడు కదలకూడదు. రోజుకి నలుగురొచ్చే ఇంట్లో ఇది మర్యాద. పెళ్ళింట్లో ఇది ప్రళయం.

ప్రళయం రావడం మొదలుపెట్టింది. విచిత్రమేమిటంటే అది వారాలు చూసుకుని వచ్చేది. బావ రోజూ తొమ్మిది కావస్తుండగా ఫోనులో ధరలు చెప్పేవాడు, నేను ఎక్కించేవాణ్ణి. మంగళవారం నుంచి శుక్రవారం దాకా సైటు గుర్రంలా నడిచేది. సోమవారం సరిగ్గా తొమ్మిదింటికి చచ్చేది. శనివారం తొమ్మిదింటికి నిక్షేపంగా ఉండి, పదిన్నరకి చచ్చేది. ఎవరో దూరదేశపు దొంగ మా చింతపండు ధరల మీద కన్నేశాడని నేను అనుకున్నాను. దిష్టి అని నాన్న అనుకున్నాడు. ఒకరోజు మేడెక్కేసరికి నా మానిటరుకి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి. వాటిని తప్పించుకుని తెరమీద ధర చదవడానికి మెడ వంచాల్సి వచ్చేది. బావ మటుకు ఏమీ అనుకోలేదు, అనేశాడు.

"ఒరే, సైటు మళ్ళీ పడిపోనాది."

"సూస్తన్నాను బావా."

"నువ్వు సూస్తన్నావు. జనం సూళ్ళేకపోతన్నారు. అదీ గొడవ. ఇదిగో, వచ్చీ సోమవారం కోరాపుట్లో సంఘం మీటింగు. ఆ వేళకి సైటు నిలబడిందా, సరే. నేదంటే విశాఖపట్నం కంపినీవోళ్ళకి ఇచ్చెత్తాం. మాటాడేసినాను."

ఈ మాట నాన్న చెవిని కూడా పడింది. నాన్న నొచ్చుకోలేదు. పైగా మొహం విప్పారింది.

"ఇచ్చెయ్యనీరా. నీకేటి దిగులు? కాటా కాడ కుర్సీ కాళీగానే ఉంది. సోమవారం సైటు పోతే మంగళవారం నుంచి కూకో."

ఆ కుర్చీ సంగతి మీకు తెలియదు. టేకు కుర్చీ. మా వంశంలో అందులో కూర్చున్నవాళ్ళెవరూ మళ్ళీ లేవలేదు. తాత అందులోనే పోయాడు. నాన్న భోజనానికి లేచినా ఆయన నీడ అందులోనే ఉండేది. నేను మేడ మీద కట్టుకున్న చిన్న బతుకంతా, ఆ నాలుగు కాళ్ళ దాన్ని తప్పించుకోవడానికి కట్టుకున్నదే.

లైనులోనే ఏదో లోపముందని అనుమానమొచ్చి, ఆ శనివారం టెలిఫోనాఫీసుకి వెళ్ళి దెబ్బలాడి వద్దామని బయల్దేరాను. అమ్మ గుమ్మంలో ఆపింది.

"ఎక్కడికి నాయినా?"

"టెలిఫోనాఫీసుకి. లైను సంగతి తేల్చుకోవాల."

"ఇప్పుడా? రాహుకాలం నడస్తంది. పదిన్నరైనాక ఎల్లు."

"లైను బాగుసేయించడానికి కూడా రాహుకాలమేటమ్మా?"

"లైను బాగవ్వాల్నా, వద్దా?"

మళ్ళీ మేడెక్కి, ఊసుపోక సర్వరుకి ఎవరెవరు వస్తున్నారో చూస్తూ కూర్చున్నాను. ఒక్క పురుగు లేదు. ధరలు అప్పుడే ఎక్కించాను, వేడివేడిగా ఉన్నాయి, తినేవాడు లేడు. సెలవిచ్చాక బడిలా ఉంది సైటు. గడియారం పదిన్నర దాటింది. లేచి ఒక కాలు చెప్పులో పెట్టాను. రెండో కాలు పెట్టేలోపల వచ్చిపడ్డారు. పార్వతీపురం, జయపురం, కోరాపుట్, గునుపురం, అందరూ ఒక్కసారే, తలుపు తీసిన సంతలోకి మేకలు దూరినట్టు. వంటవాళ్ళు పుట్టలు పుట్టలుగా పుట్టారు. సైటు నా కళ్ళముందే కూలింది.

ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడి తల ఎత్తాను. మానిటరు పైన, నిమ్మకాయకి కాస్త ఎగువన, ఏడాది పొడుగునా నా నెత్తి మీదే వేలాడుతున్న పంచాంగం క్యాలెండరు. సోమవారం రాహుకాలం తొమ్మిది దాకా. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా. దొంగ దూరదేశంలో లేడు. దొంగ కూడా కాడు, గ్రహం.

కిందకి దిగి నాన్నని అడిగాను.

"నాన్నా, శనివారం నువ్వు ధరలెప్పుడు సూస్తావు?"

"రాహుకాలం ఎల్లినాక. ధర సూడ్డవంటే బేరం మొదలెట్టడవే గదా. మతున్నోడెవడైనా రాహుకాలంలో మొదలెడతాడేటి?"

"మరి సోమవారం?"

"తొమ్మిది కొట్టగానే."

"మనోళ్ళందరూ ఇంతేనా?"

"కొట్లు నిలబెట్టుకున్నోళ్ళందరూ ఇంతే. మిగిలినోళ్ళ సంగతి నాకు తెల్దు. ఆళ్ళు మనకి తగల్రు."

మిగతా రోజుల్లో ఒకడు కొట్టు తుడిచి చూసేవాడు, ఒకడు పూజ చేసుకుని చూసేవాడు, ఒకడు టీ తాగి చూసేవాడు. ఆ రెండు రోజులు మాత్రం కొండకి ఇటూ అటూ ఉన్న తెలుగు వర్తకులందరూ వేలు ఎలుక మీద పెట్టుకుని, కళ్ళు గడియారం మీద పెట్టుకుని, ఒక్క క్షణం కోసం కాచుకునేవారు. వర్తకుల ఇంట్లో పుట్టి, రాహుకాలం చూసి పాలు తాగి పెరిగినవాణ్ణి, ఇది కనిపెట్టడానికి నాకు నెలలు పట్టింది.

రాహువుని మార్చలేను. వంటవాళ్ళ పద్ధతి మార్చాలి. ఆ రోజుల్లోనే పీహెచ్‌పీకి ఒక కొత్త ఏర్పాటు వచ్చిందని చదివాను. అది అప్పటికింకా ఆ భాషలో అంతర్భాగం కాదు. విడిగా తెచ్చి, మనమే అతికించుకుని, మళ్ళీ అంతా కట్టుకోవాలి. అందులో ఒక మేస్త్రీ ఉంటాడు. అతను కొందరు వంటవాళ్ళని ముందే పుట్టించి, పొయ్యిల దగ్గర సిద్ధంగా కూర్చోబెడతాడు. ఎవడు వండి వడ్డించినా చావడు. తిరిగొచ్చి తన పొయ్యి దగ్గర కూర్చుంటాడు. ఎవడైనా పొరపాటున పోతే మేస్త్రీ వాడి చోట ఇంకొకణ్ణి పెడతాడు. ఈ వంటవాళ్ళని ఆ లోకంలో "పిల్లలు" అంటారు. నలుగురిలో ఆ మాట ఎలా వినపడుతుందో నాకప్పుడు తట్టలేదు.

ఆదివారం సైట్లో ధరలకి సెలవు. పొద్దున్న కూర్చుని, తప్పులు దిద్దుకుంటూ, ఒకసారి సర్వరు మొత్తాన్ని మూగదాన్ని చేసి మళ్ళీ మాట తెప్పించుకుని, అమ్మ భోజనానికి పిలిచే వేళకి మేస్త్రీని పనిలోకి దింపాను. ఒక్క గడి మిగిలింది: పిల్లలెంతమంది? ఎంత రాయాలో అక్కడ ఎవరూ చెప్పలేదు. సర్వరులో మెమరీ ఎంతుందో, ఒక్కో పిల్ల ఎంత తింటుందో చూసుకుని రాయాలి. నేను చూడలేదు. మా ఇంట్లో పుట్టినవాడికి గౌరవంగా ఒక సంఖ్య వెయ్యమంటే చెయ్యి దానంతటదే ఒక్కటే వేస్తుంది. నూట పదహారు అని వేసేసింది.

ఆ సమయానికి అమ్మ పంపగా నాన్న మళ్ళీ పిలవడానికి పైకొచ్చాడు.

"ఎంతమంది పనోళ్ళనెట్టేవు?"

"నూట పదహారుగుర్ని."

"సుభం. సున్నాతో ఆపకూడదు."

మేడ మీది పనిలో నాన్న నన్ను మెచ్చుకున్నది అదే మొదలు. ఆ ఉబ్బులో బావకి ఫోను చేసి కూడా చెప్పాను. మిగిలిన ఆదివారమంతా సైటు చల్లగా నడిచింది. పిల్లలు నిద్రపోతున్నంతసేపూ ఎవరికీ ఆకలెయ్యదు. ఇది బడి మాస్టర్లకి, తల్లులకి తెలిసిన సంగతి. నాకు తెలియదు.

సోమవారం తెల్లవారుతుండగానే అమ్మ నన్ను రాహుకాలానికి ముందే గడప దాటించేసింది. ఆ రోజు ధరలు ఎక్కించే పని బావకే అప్పజెప్పి కోరాపుట్ రైలెక్కాను. మీటింగులో వెనక వరసలో వినయంగా కూర్చుని, పొగడ్తలు పడుతుంటే నేల చూపులు చూడాలని నా ఆలోచన. ఎదుటి సీట్లో కొల్నార నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నాడు. పంచె, భుజాన కండువా, ఒళ్ళో అరటిపళ్ళ సంచి. బండి కొండ సొరంగాల్లో దూరుతూ పోతోంది, గడియారం తొమ్మిది దగ్గర పడుతోంది. నేను ఫోనులో సిగ్నలు వస్తుందేమోనని కిటికీలోంచి చెయ్యి చాపుతున్నాను. పెద్దాయన మాట కలిపాడు.

"పెళ్ళయినాదా బాబూ?"

"నేదండి."

"ఏటి అంత కంగారు పడతన్నావు మరి?"

"పిల్లల గురించండి. ఎలగున్నారో అని."

పెద్దాయన ఒకసారి సొరంగంలోకి, ఒకసారి నాలోకి చూశాడు.

"పెళ్ళవకుండానే? ఎంతమందేటి?"

నా ధ్యాసంతా ఫోను మీద ఉంది. "నూట పదహారుగురండి" అన్నాను.

పెద్దాయన అరటిపళ్ళ సంచి ఇటునుంచి అటు పెట్టుకున్నాడు.

సొరంగం వెనక సొరంగం. కకిరిగుమ్మ స్టేషన్లో బండి ఆగగానే ఫోనుకి ప్రాణం వచ్చింది. వస్తూనే బావని తెచ్చింది.

"ఒరే! ఏటి సేసేవురా? సైటు పడిపోవడం కాదు, సర్వరే సచ్చూరుకుంది. దేనికీ పలకటం నేదు. మీటింగంతా నా మొకం సూస్తన్నాది."

"పిల్లలో?"

"ఏ పిల్లలు? నీ నూట పదహారుగురూనా? తొమ్మిదింటికి అందరూ ఒక్కసారి లేచేరంట, సర్వరు అద్దెకిచ్చిన కంపినీ కుర్రోడు సెప్పేడు. తిండి సాల్లేదు. పోనారు."

"అందరూ సచ్చిపోయారా బావా?" అని అరిచాను.

పెట్టెలో తలలన్నీ నావైపు తిరిగాయి. పల్లీలమ్మేవాడు పల్లీలు కొలవడం ఆపేశాడు. కొల్నార పెద్దాయన లేచి వచ్చి నా పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో నాయినా. మన సేతిలో ఏటుంది. ఒక్కడైనా మిగిలేడా?"

నేను లేదని తల ఊపాను. ఆయన సంచిలోంచి అరటిపండు తీసి నాచేతిలో పెట్టాడు. ఇప్పుడు విడమర్చి చెబుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కళ్ళ నీళ్ళతో ఆ పండు తిన్నాను. కన్నీళ్ళు మాత్రం నిజమైనవే. కిటికీ బయట కొండల మధ్యలో నాకు టేకు కుర్చీ కనపడుతోంది.

మీటింగు బావ గోదాములో. అందరూ అల్లం బస్తాల మీద కూర్చున్నారు. నేను వెళ్ళేసరికి ఘాటు గాలిలోనే కాదు, మాటల్లో కూడా ఉంది. జయపురం వర్తకుడొకాయన ముక్కుపొడుం పీలుస్తూ అన్నాడు:

"బాబూ, నూట పదహార్లు తాంబూలంలో ఎడతారు. కంప్యూటర్లో ఎడతారేటి? ఇంకో పది కలిపితే వెండి గిన్నె కూడా ఎట్టీసుందువు."

బస్తాలన్నీ నవ్వాయి. బావ విశాఖపట్నం కంపెనీ పేరు ఎత్తబోతున్నాడు. భయం మనిషికి తెలివి ఇస్తుందంటారు. నాకు అప్పుడే కొంచెం ఇచ్చింది.

"బావా, ఒక్కమాట. ఇక్కడున్నోళ్ళందర్నీ అడుగుతున్నాను. సోమవారం మీ కొట్లల్లో సైటెప్పుడు తెరుస్తారు?"

ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "తొమ్మిదికి" అన్నారు.

"శనివారం?"

"పదిన్నరకి."

"విశాఖపట్నం కంపినీవోళ్ళకి ఈ రాహుకాలం గొడవ తెల్దు. రేపాళ్ళ సర్వరు కూడా తొమ్మిదింటికే పడతాది. అప్పుడాళ్ళు సైనా దేశం దొంగల కోసం ఎతుకుతారు, నాలాగ."

ముక్కుపొడుం ఆయనే తేల్చాడు.

"కుర్రోడికి జబ్బు తెలిసింది. మందే కొంచెం ఎక్కువేసేడు. శనివారం దాకా సూద్దాం."

బావ ఒప్పుకున్నాడు, తన పద్ధతిలో. "శనివారం గానీ పడిందా, ఆ నిమిషంలోనే మావగారికి ఫోను సేస్తాను, కుర్సీ తుడిపించమని."

ఇంటికొచ్చి మొదట చెయ్యాల్సిన పని ఆఖర్న చేశాను: పళ్ళేలు లెక్కపెట్టాను. సర్వరు మెమరీని ఒక్కో పిల్ల తినే తిండితో భాగిస్తే పదిమందికి వస్తుంది, పదకొండోవాడికి కూడా సర్దవచ్చు. పది అని రాయబోతే సున్నా దగ్గర చెయ్యి మళ్ళీ మొరాయించింది. పదకొండు అని వేశాను. ఇంతకీ పదకొండుమంది ఇంత ఊరికి ఎలా చాలుతారంటే, వండటానికి వాళ్ళకి పట్టేది రెప్పపాటు. ఆలస్యమంతా అతిథి మింగడంలోనే. అందుకని సింహద్వారం దగ్గర ఇంకొకణ్ణి పెట్టాను. వంటవాడు వండిన పళ్ళెం అతని చేతికిచ్చి వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతాడు. ఎంత నెమ్మదిగా తినేవాడినైనా ఓపిగ్గా చూసుకునే పని ద్వారం దగ్గరివాడిది. వచ్చినవాళ్ళందర్నీ వరసలో నిలబెట్టేదీ అతనే. తేన్పుదాకా చేతులు కట్టుకుని నిలబడే మర్యాద మా సర్వరులో ఆ రోజుతో ముగిసింది.

శనివారం నాన్న రాహుకాలం మధ్యలోనే మేడెక్కి నా పక్కన కూర్చున్నాడు. నా కుర్చీ చేతిని రెండుసార్లు తడిమి చూశాడు, చెక్క నాణ్యం చూస్తున్నట్టు. పదిన్నరైంది. వచ్చారు. సంతలోకి మేకలు దూరినట్టే వచ్చారు. తెరమీద పదకొండుమందీ లేవడం, వండటం, అందివ్వడం, మళ్ళీ కూర్చోవడం. ఎవడూ పుట్టలేదు, ఎవడూ చావలేదు. సర్వరు ఒక్కసారి కూడా ఆయాసపడలేదు. కాసేపటికి జనం సద్దుమణిగారు.

"అయిపోనాదా?" అన్నాడు నాన్న.

"అయిపోనాది నాన్నా. నిలబడింది."

"ఎంతమంది సేసేరు?"

"పదకొండుమంది."

"పదకొండుమంది సేసీ పనికి నూట పదహారుగుర్నెట్టేవా! నా కొట్లో అయితే—"

"సుభం అన్నావు గదా నువ్వు?"

"సంఖ్య సుభం అన్నాను. కూలోళ్ళు సుభం అన్నానేటి?"

అని లేచి, మెట్ల దాకా వెళ్ళి, తిరిగొచ్చి మానిటరుకి కట్టిన నిమ్మకాయ విప్పుకుని కిందకి తీసుకుపోయాడు. అంతకన్నా పెద్ద బిరుదు ఆ ఇంట్లో ఎవరికీ దక్కలేదు. టేకు కుర్చీ గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

బావ కూడా ఫోను చేశాడు. మెచ్చుకుంటాడేమో అని చెవి ఒగ్గాను.

"సైటు పరుగెడతన్నాది. మంచిదే. ఇంకో నాలుగు ఫొటోలు పంపుతున్నాను, నా పేజీలో ఎయ్యి. కొత్త లారీ కొన్నాం. వడ్డించీవోడు మనోడైతే..."

మిగతా సామెత నేను వినలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే మేస్త్రీకున్న ఇంకో సుగుణం నాకు గుర్తొచ్చింది. అతను వంటవాళ్ళని విడివిడి బంతులుగా కూడా పంచగలడు. ఈ పేజీలకి వీళ్ళు, ఆ పేజీలకి వాళ్ళు. ఒక బంతివాడు ఇంకో బంతిలోకి వెళ్ళడు. ధర్మంగా చెప్పాలంటే ఇది కక్ష కాదు, పొదుపు. అన్నిటికన్నా పైనున్న బావ పేజీ తెరిచినవాడల్లా గోదామంత ఫొటోలు కుదింపించుకుంటూ, ధరలు వండాల్సిన వంటవాళ్ళని లాక్కుపోతున్నాడు. కాబట్టి రెండు బంతులు వేశాను. ధరలకి పదిమంది. సున్నా సంగతి ఈసారి చెయ్యి అడగలేదు. బావకి ఒక్కడు.

వారం తిరక్కుండా ఫోను.

"ఒరే, ఇదేటిరా? ధరలు టక్కుమని వస్తన్నాయి. నా పేజీ మటుకు ఒక్కో ఫొటో, ఒక్కో ఫొటో, సద్దన్నం తిన్నట్టు వస్తన్నాది. ముందు బస్తాలు. ఆనక లారీ. నా మొకం వచ్చీసరికి బేరగాడు టీ తాగేసి ఎల్లిపోతన్నాడు. సర్వరు పాడయినాదేటి?"

"సర్వరు బాగానే ఉంది బావా. నువ్వడిగినట్టు మొదటి బంతే ఏసేను."

"మరి?"

"ఆ బంతికి వడ్డించీవోడు ఒక్కడే. నీ పెళ్ళిలో లాగ."

ఫోనులో బావ వెనకనుంచి అక్క నవ్వు వినపడింది. పెళ్ళినాడు వంటింటి గుమ్మంలోంచి నా చారు విస్తరి చూసింది అక్కే.

రెండోవాణ్ణి పెట్టమని బావ తర్వాత అడగలేదు. అడగాలంటే బూరెల సంగతి ఒప్పుకోవాలి. నేనూ పెట్టలేదు. ఆ సైటు ఉన్నంతకాలం ఆ ఒక్కడూ తడబడకుండా, తొందరపడకుండా, ముందు బస్తాలు, ఆనక లారీ, ఆఖర్న పెళ్ళికొడుకు, అలా వరసగా వడ్డిస్తూనే ఉన్నాడు.